బొత్తాం ఎవరికోసం మొరిగేది?

పోయినవారం టైలరమ్మను వీధి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడి ఉండగా వదిలేశాం. పాపం, మనిషిని వారంపాటు అలా నిలబెట్టడం మన తప్పే. కొత్తగా వచ్చి చేరినవాళ్లకు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసి, ఆ గడియ తీయించేద్దాం.

టైలరమ్మకు మూడేళ్లుగా చెవులు మెల్లమెల్లగా పోతున్నాయి. ఈ సంగతి భర్తకు తెలియదు, అత్తగారికి తెలియదు, కొలతలిచ్చి వెళ్లే ఆడవాళ్లకు అసలే తెలియదు. తెలిసిన ప్రాణి ఒక్కటే. దాని పేరు బొత్తాం. కూనగా ఉన్నప్పుడు ఎవరిదో చొక్కాకు కుట్టాల్సిన బొత్తాం మింగేసి, రెండు రోజులు ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టి, మూడోరోజు ఏమీ ఎరగనట్టు తోక ఊపిన కుక్క అది. బెల్లు మోగితే మొరిగేది, కుక్కర్ కూస్తే మొరిగేది, అత్తగారు లోపలి గదిలోంచి పిలిస్తే మొరిగేది. ఆ గోల పడలేక పై వాటాలో ఉండే ఇంటి ఓనరావిడ ‘కుక్క నోరైనా మూయించండి, మీరైనా ఖాళీ చెయ్యండి’ అని తేల్చేసింది. దాంతో భర్త వెళ్లి కుక్కలకు శిక్షణ ఇచ్చే గ్యారంటీ మాస్టారును పట్టుకొచ్చాడు. పది రోజుల్లో మొరగడం మాన్పిస్తానని, మిక్సీకి ఇచ్చినట్టు అచ్చువేసిన కార్డొకటి చేతిలో పెట్టి, బొత్తాన్ని జీపులో ఎక్కించుకుపోయాడాయన. వద్దనాలంటే ఎందుకు వద్దో చెప్పాలి. టైలరమ్మ నోరు విప్పలేదు.

పదకొండోనాడు బొత్తాం తిరిగొచ్చింది. ఇల్లంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. కుక్క మొరగలేదు. ఆ తర్వాత ఇవాళ్టికి పన్నెండు రోజులు, ఒక్కసారీ మొరగలేదు. కత్తిరింపు బల్ల కింద చేరి, గిన్నెలో తిండి సగం వదిలేసి, ఎవరు చెయ్యెత్తినా నేలకు అతుక్కుపోతోంది. ఆ బెరుకు కూడా పోవాలంటే నెల రోజుల ఫుల్ కోర్సు చేయించాలన్నాడు మాస్టారు. ఈ రోజు పదకొండింటికి జీపు వస్తుంది. టైలరమ్మ ఎవరికీ చెప్పకుండా, ఒక ఖాతాదారు ఇచ్చిన నంబరుకు మెసేజ్ పెట్టి ఇంకో శిక్షకురాలిని పదింటికి రమ్మంది. ఆవిడ వస్తే బెల్లు వినపడదు కదా, అందుకని తొమ్మిదిన్నర నుంచీ తలుపు సందులోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. మనం వదిలేసింది అక్కడే.

ఆమె గడియ తీసింది. గుమ్మంలో యాభై దాటిన ఆవిడ ఒకామె, నడుముకు గుడ్డసంచీ కట్టుకుని నిలబడి ఉంది.

"కుక్కల టీచర్ని. పదింటికి రమ్మన్నారు," అంది.

టైలరమ్మ ఆవిడ పెదాలు చూసి తల ఊపింది. పెదాలు చదవడంలో ఆమెకిప్పుడు మంచి పట్టు చిక్కింది. పళ్లు కనపడేలా నోరారా మాట్లాడేవాళ్లంటే ప్రాణం లేచొస్తుంది. మీసాలవాళ్లంటే భయం. సొంత మొగుడికే గుబురు మీసాలుండటం ఆమె ఖర్మ.

ముందు గదే దుకాణం. కిటికీ పక్కన మిషన్, మధ్యలో కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం, తాడు మీద చేతులు అతకని బడి చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. వచ్చినావిడ కుక్క ఎక్కడుందని అడగలేదు. చెప్పులు విప్పి, గది నాలుగు మూలలూ ఒకసారి చూసి, బల్లకు కాస్త దూరంలో, దానికి వీపు చేసి నేలమీద చతికిలబడింది. సంచీలోంచి ఏదో చిన్న ముక్క తీసి, వెనక్కి చూడకుండానే భుజం మీదుగా బల్ల కిందికి విసిరింది.

అత్తగారు లోపలినుంచి వచ్చి ఈ తంతు చూసింది. "ఎవరమ్మా ఈవిడ? బిస్కెట్లు పారేస్తోందేమిటి?"

ఆ క్షణంలోనే ఆవిడకు బిస్కెట్ టీచరమ్మ అనే పేరు ఖాయమైపోయింది. అత్తగారు పేరు పెట్టిందంటే ఇక తిరుగులేదు. గ్యారంటీ మాస్టారుకు ఆ బిరుదు ఇచ్చింది కూడా ఆవిడే.

టైలరమ్మ వెళ్లి మిషన్ ముందు కూర్చుని పెడల్ మీద కాలు వేసింది. మోటారు తిరిగింది. సూది కింద గుడ్డ లేదు. ఇది ఆమె మూడేళ్లుగా నడుపుతున్న ఉపాయం. ఎవరైనా మాట్లాడటానికి వస్తే చాలు, వట్టి మిషన్ తిప్పేస్తుంది. ‘మిషన్ చప్పుడులో వినపళ్లేదు, మళ్లీ చెప్పండి’ అంటే ఎవరు కాదంటారు? కుట్టుకునే మనిషి, పనిమంతురాలు అని మెచ్చుకుని మళ్లీ చెప్తారు. కరెంటు పోయిన పూటే ఆమెకు గండం. అప్పుడు తలనొప్పి వచ్చిందని వెళ్లి పడుకుంటుంది.

అంతలో భర్త వచ్చాడు. బడి వ్యాను డ్రైవరు. పొద్దుటి ట్రిప్పుకూ మధ్యాహ్నం ట్రిప్పుకూ నడుమ రెండు గంటలు ఇంటికి వస్తాడు. చేతిలో బొత్తాం గొలుసు సిద్ధంగా ఉంది. నేలమీద కూర్చున్న మనిషిని, బల్ల కింద కదలని కుక్కను, వట్టి మిషన్ తిప్పుతున్న భార్యను మార్చి మార్చి చూశాడు.

"మీరేం చేస్తున్నారండీ?" అన్నాడు.

"ఏమీ చెయ్యడం లేదండీ," అంది టీచరమ్మ. "దానికి ఇప్పుడు కావాల్సింది అదే."

"మాస్టారైతే వచ్చీ రాగానే కూర్చోబెట్టేశారు."

"కూర్చోబెట్టడం తేలికే. పోనీ, నన్నూ అడగండి. ఆయన్ని ఏమేం అడిగారో అవే అడగండి."

భర్త గోడకు చేరగిలబడ్డాడు. మర్యాదస్తుడు, ఇంటికొచ్చిన మనిషిని పొమ్మనలేడు. "ఎన్ని రోజుల్లో అవుతుంది?"

"తెలీదు."

"గ్యారంటీ?"

"ఇవ్వను. మిక్సీకైతే ఇవ్వొచ్చు."

అత్తగారు ఫక్కున నవ్వేసి, కొడుకు మొహం చూసి దగ్గులోకి దింపింది.

"మరి మేమేం చూసి మిమ్మల్ని పెట్టుకోవాలండీ?"

"నన్నే పెట్టుకోమని కాదు. ఎవర్ని పెట్టుకున్నా మూడు సంగతులు అడగండి. అది సరిగ్గా చేస్తే ఏమిస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? మీరు నేర్పుతుంటే మేం పక్కన కూర్చోవచ్చా?" టీచరమ్మ ఇంకో ముక్క వెనక్కి విసిరింది. "నేనైతే సరిగ్గా చేస్తే తిండి పెడతాను, ముద్దు చేస్తాను. తప్పు చేస్తే పాఠం కష్టమైందని కాస్త తగ్గించుకుంటాను. మీరు పక్కన కూర్చోకపోతే నేర్పనే నేర్పను. రేపు దాంతో ఉండేది మీరు గానీ నేను కాదుగా."

"ఆ మూడోది మేం అడక్కముందే కాదన్నాడు మహానుభావుడు," అంది అత్తగారు. "ఇంటివాళ్లు కనపడితే కుక్క మాట వినదట. పది రోజులూ గేటు దగ్గరకే రానివ్వలేదు కదరా?"

టైలరమ్మ మిషన్ ఆపింది. ఈ ముక్క చెప్పడానికి ఆమెకు ఎవరి పెదాలూ చదవాల్సిన పని లేదు. బల్ల మీదున్న మార్కింగు సుద్ద తీసుకుని, చెక్క మీద వరసగా చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, ఏడు చుక్కలు. కింద మళ్లీ ఏడు.

"ఒళ్లు తుడుస్తుంటే చూశాను. దాని మెడ మీద, బొచ్చు కింద ఇలా ఉన్నాయి," అంది. "గోక్కుంటే పడ్డవి కావు. అర అంగుళానికి ఒకటి. టేపు పెట్టి కొలిచినట్టున్నాయి."

టీచరమ్మ లేచి ఆ చుక్కలు చూసింది. "ముళ్ల పట్టీ," అంది. "లోపలివైపు ముళ్లుంటాయి. మొరిగినప్పుడల్లా లాగుతారు."

భర్త చేతిలో గొలుసు గలగలమంది. బల్ల కింద బొత్తాం ఇంకాస్త ముడుచుకుంది. అతను ఆ గొలుసు వంక చూసుకుని, చప్పుడు కాకుండా కిటికీ గట్టు మీద పెట్టేశాడు. "నాకు తెలీదు. నిజంగా తెలీదు. నాకు చెప్పలేదు వాళ్లు." మళ్లీ అంతలోనే, "అయితే ఏం చెయ్యమంటారు? ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతాం? ఈ వీధిలో దీని మిషన్‌కు పన్నెండేళ్ల నుంచీ బేరాలున్నాయి. ఇంకోచోట మొదటినుంచి మొదలుపెట్టాలి. అది మొరిగితే మా బతుకు వీధిలో పడుతుందండీ."

అతను చెప్పింది అబద్ధం కాదు. అతను తన గురించి అనలేదు, ఆమె మిషన్ గురించే అన్నాడు. టైలరమ్మ సగం పెదాల్లోంచి, సగం మీసాల్లోంచి ఏరుకుని, మాట అర్థం చేసుకుని తల దించుకుంది.

టీచరమ్మ మళ్లీ కూర్చుంది. "మొరగడం సంగతే మాట్లాడదాం. ఎప్పుడెప్పుడు మొరిగేది?"

"ఎప్పుడు మొరిగేది కాదో అడగండి," అన్నాడు భర్త.

"నేను చెప్తా వినండి," అంటూ అత్తగారు పీట లాక్కుంది. ఇంట్లో మొట్టమొదటిసారి ఎవరో ఆవిడ అభిప్రాయం అడిగారు మరి. "బెల్లు మోగితే ఒకటి. కుక్కర్ కూస్తే ఒకటి. ఫోన్ మోగితే ఒకటి. నేను కోడలా అని పిలిస్తే చాలు, నాకంటే ముందు అదే అరిచేది. ఈ మనిషా, నేను ఎంత పిలిచినా పెడచెవిన పెడుతుంది. దీనికి కుక్కంటే ముద్దు, అత్తంటే లెక్కలేదు."

"మీ కోడలు ఇంట్లో లేనప్పుడు?"

"అంటే?"

"దారాలకో, గుండీలకో బజారుకు వెళ్తారుగా. మీరూ కుక్కా ఉంటారు. అప్పుడు బెల్లు మోగితే?"

అత్తగారు చెప్పబోయి ఆగిపోయింది. ఆవిడ నోరు తెరిచి మాట రాకుండా ఆగడం ఆ ఇంట్లో అరుదైన సంఘటన. "అప్పుడా? నేనే లేచి తీస్తాను. ఇది తోక ఊపుకుంటూ నా వెనకే వస్తుంది." కళ్లు చిట్లించింది. "మొరగదు. అవున్రా, మొరగదు! కుక్కర్ కూసినా పడుకునే ఉంటుంది."

"కోడలు ఇంట్లో ఉండి మొరిగితే, ఎప్పుడు ఆపేది?"

"కోడలు లేస్తే ఆపేది. మిషన్ దగ్గర్నుంచి లేచి తలుపు వైపు రెండడుగులు వేసిందా, ఇక నోరు మూసుకుని వెళ్లి పడుకునేది."

అత్తగారికి పై వరసలో రెండు పళ్లు లేవు. అయినా టైలరమ్మకు ప్రతి ముక్కా తెలిసిపోయింది. మూడేళ్లు గుట్టుగా కుట్టుకొచ్చిన కుట్టును ఎవరో ఒక్కొక్క పోగే లాగుతున్నారు. టీచరమ్మ తల తిప్పి ఆమె వంక చూసింది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "కాస్త చేతులు కడుక్కోవాలి. కుళాయి ఎక్కడ?" అంది.

పెరటి కుళాయి చూపించడానికి టైలరమ్మే వెంట వెళ్లింది. టీచరమ్మ వంగి, నీళ్లు వదిలి, చేతులు తోముకుంటూ ఏదో మాట్లాడుతోంది. వీపు ఇటు, మొహం అటు. టైలరమ్మ అలవాటు ప్రకారం చిరునవ్వు నవ్వుతూ తల ఊపుతూ నిలబడింది. టీచరమ్మ కుళాయి కట్టేసి, వెనక్కి తిరిగి, ఆ నవ్వు చూసింది. ఆవిడ మొహంలో బాధ కనపడింది.

"నన్ను క్షమించమ్మా," అంది. ఒక్కో మాటా విడివిడిగా, పళ్లు కనపడేలా. "పరీక్ష పెట్టాను. పెట్టకూడదు. ఎన్నాళ్లయింది?"

టైలరమ్మ బట్టలుతికే రాతి మీద కూలబడింది. "మూడేళ్లు," అంది. ఈ మాట ఆమె పైకి అనడం ఇదే మొదటిసారి. అన్నాక ఇక ఆగలేదు. "మా అమ్మకూ ఇలాగే అయింది. ముందు అందరూ గట్టిగా అరిచి చెప్పేవాళ్లు. తర్వాత విసుక్కునేవాళ్లు. చివరికి చెప్పడమే మానేశారు. పెళ్లి మాటలు జరుగుతున్నా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, అమ్మకెందుకు చెప్పడం, వినపడదుగా అనేవాళ్లు. గదిలో కుర్చీ ఉన్నట్టు ఉండేది అమ్మ. నేనూ అలాగే చేశానండీ. నేనూ చెప్పడం మానేశాను. అందుకే భయం."

టీచరమ్మ పక్కనే కూర్చుంది. ఆమె మోకాలి మీద తట్టి, ఇటు చూడమన్నట్టు చెయ్యి ఊపి, అప్పుడు మాట్లాడింది.

"నేను ఎవరికీ చెప్పను. అది మీ మాట. కానీ ఒక్కటి మీకు తెలియాలి. ఈ పని దానికి ఎవరూ నేర్పలేదు. మీరు లేవడం లేదని దానంతట అదే గమనించింది. అరిస్తే లేస్తున్నారని కనిపెట్టింది. అది అల్లరి చెయ్యలేదమ్మా, ఉద్యోగం చేసింది."

"ఆ ఉద్యోగం చేసినందుకే..." టైలరమ్మకు మాట పూర్తి కాలేదు. కుక్క మెడ చుట్టూ ఉన్న చుక్కలు కళ్ల ముందు కదిలాయి. తను నోరు విప్పనందుకు అది ముళ్లు గుచ్చించుకుంది. ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది. గట్టిగా ఏడుస్తోందో మెల్లగా ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు.

ఏడుపు తగ్గేదాకా టీచరమ్మ కదల్లేదు. తర్వాత అంది: "మొరక్కుండా వచ్చి మిమ్మల్ని తట్టడం నేర్పొచ్చు. కాలి మీదో, చేతి మీదో. పై వాటా ఆవిడకి ఏ గొడవా ఉండదు. భయం పోవడానికే నెలలు పట్టొచ్చు, ముందే చెప్తున్నాను. ఇప్పుడది ఆ బల్ల కిందనుంచి బయటకు వస్తేనే గొప్ప. కానీ అది ఎందుకు తడుతోందో ఇంట్లో వాళ్లకి తెలియాలి. తెలియకపోతే, కుక్క మీద పడుతోందని రేపు దాన్ని కూడా మాన్పించేస్తారు."

ఆ కుళాయి దగ్గరే నిలబడి ఒకప్పుడు భర్త మొహం కడుక్కుంటూ వ్యాను కబుర్లన్నీ చెప్పేవాడు. ఎవడు ఎవడి టిఫిన్ డబ్బా తిన్నాడో, ఏ పిల్ల సీటు కింద నిద్రపోయి బడిలో దిగడం మర్చిపోయిందో. ఈ మధ్య ఏమీ చెప్పడం లేదు. మనిషి ఎందుకో ముభావి అయిపోయాడని టైలరమ్మ అనుకుంటోంది. మొహం తుడుచుకుని లేస్తూ ఆ తడి గచ్చు వంక చూసింది. ఇందాక టీచరమ్మ నిలబడిన తీరు, వీపు ఇటు, మొహం అటు, గుర్తొచ్చింది. ఆ కబుర్లకు తను ఎప్పుడైనా పలికిందా అన్న అనుమానం వచ్చింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టి గదిలోకి నడిచింది.

గోడ గడియారంలో పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. భర్త గొలుసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాడు గానీ, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు. అత్తగారు పీట మీదే కూర్చుని, ఏదో లెక్క తేలనట్టు కోడలి వంకా కుక్క వంకా చూస్తోంది. టీచరమ్మ తన చోటికి తను వెళ్లి, బల్లకు వీపు చేసి కూర్చుంది.

చెప్పేద్దామనే వచ్చింది టైలరమ్మ. ఏమండీ అనడానికి నోరు తెరిచింది కూడా. భర్త తలెత్తి చూశాడు. ఆ చూపుకే ధైర్యం నీరుగారిపోయింది. గబగబా వెళ్లి మిషన్ ముందు కూర్చుని పెడల్ తొక్కింది. మోటారు గిర్రున తిరిగింది. గుడ్డ లేని సూది పైకీ కిందికీ ఊరికే ఆడుతోంది. ఆ సూది వంకే చూస్తూ కూర్చుంది.

ఎంతసేపు తొక్కిందో, పాదం మీద ఏదో వెచ్చగా ఆనింది.

వంగి చూసింది. బొత్తాం. పన్నెండు రోజులుగా బల్ల కిందనుంచి తనంతట తాను బయటకు రాని బొత్తాం, గది సగం పొట్ట మీద పాక్కుంటూ వచ్చి, గడ్డం తెచ్చి ఆమె పాదం మీద పెట్టింది. నిలువెల్లా వణుకుతోంది. అది పాకివచ్చిన దారంతా నేలమీద తడి చార ఉంది. భయంతో పోసుకుంది. అయినా వెనక్కి పోలేదు. ఆమె మొహంలోకి చూసింది, తలుపు వైపు చూసింది, మళ్లీ ఆమె మొహంలోకి చూసింది. నోరు తెరిచి మూసింది. గొంతులోంచి ఏమీ రాలేదని ఆ కదలిక చూస్తేనే తెలుస్తోంది.

టైలరమ్మ తలుపు వైపు చూసింది. వీధిలో జీపు ఆగి ఉంది. గుమ్మంలో గ్యారంటీ మాస్టారు నిలబడి, నవ్వుతూ ఏదో అంటున్నాడు. హారను ఎన్నిసార్లు కొట్టాడో, బెల్లు ఎన్నిసార్లు నొక్కాడో. ఎవరి పేరు చెబితే తను వణికిపోతుందో, ఆ మనిషే వచ్చాడని చెప్పడానికి కుక్క ఆమె దగ్గరకు వచ్చింది. ఆమెను కాపాడాలని వచ్చిందో, తనను కాపాడమని వచ్చిందో మనకు తెలియదు. బహుశా బొత్తానికి ఆ రెంటికీ తేడా లేదు.

ఆమె పెడల్ మీంచి కాలు తీసి, చెయ్యి చాచి గోడ మీది స్విచ్చి కట్టేసింది. మిషన్ ఆగిపోయింది.

"రెడీయేనా సార్?" అని భర్తతో అంటూనే మాస్టారు బొత్తాం వైపు చిటికె వేశాడు. కుక్క నేలకు అణిగిపోయింది. కానీ గడ్డం మాత్రం పాదం మీదినుంచి తియ్యలేదు. మాస్టారు ఇంకోసారి చిటికె వేశాడు.

"దానికి చిటికెలు వెయ్యకండి," అంది టైలరమ్మ. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకు తెలియదు గానీ, అందరూ ఉలిక్కిపడటం కనపడింది. "బొత్తాం ఎక్కడికీ రాదు."

భర్త ముందుకొచ్చాడు. "ఏమైంది నీకు? నిన్న సరేనన్నావుగా?"

"నిన్న మీరన్నదాంట్లో జీపు సంగతొక్కటే నాకు అర్థమైందండీ. ఊరికే తల ఊపాను."

"అదేంటి?"

"నాకు చెవులు వినపడవు."

భర్త మిషన్ వంక చూసి, "ఆపేశావుగా మరి?" అన్నాడు.

"మిషన్ వల్ల కాదు. మిషన్ వల్ల ఎప్పుడూ కాదు. మూడేళ్ల నుంచీ వినపడటం లేదు. బెల్లు వినపడదు. అత్తయ్య పిలుపు వినపడదు. అందుకే అది అరిచేది. నాకు చెప్పడానికి అరిచేది. మీకు చెప్పే ధైర్యం లేక దాన్ని పంపించేశాను." ఆమె చెయ్యి కిందికి దించి కుక్క తల మీద వేసింది. "మీరు పెరట్లో మొహం కడుక్కుంటూ చెప్పేవన్నీ నాకు వినపడలేదండీ. పలక్కూడదని కాదు. వినపడక."

గుమ్మంలో మాస్టారు చేతిలో చిటికె సగంలో ఆగిపోయింది. టీచరమ్మ తల వంచుకుంది. అత్తగారు పీట మీదినుంచి లేవబోయి లేవలేక మళ్లీ కూర్చుంది.

భర్త మొహం టైలరమ్మకు ఒక్క క్షణమే కనపడింది. అందులో కోపం లేదు. మూడేళ్లుగా ఎక్కడో పెట్టి మర్చిపోయిన వస్తువు చేతికి తగిలినట్టున్నాడు. అంతలో అతను చటుక్కున కిటికీ వైపు తిరిగిపోయాడు. చేతిలో గొలుసు జారి నేలమీద పడింది. వీపు ఇటు, మొహం అటు పెట్టి ఏదో అన్నాడు. ఒక్క మాట కాదు, చాలా మాటలు. భుజాలు కదులుతున్నాయి.

అత్తగారు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆవిడ కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి. టీచరమ్మ తలెత్తి అతని వంక ఆశ్చర్యంగా చూసింది. టైలరమ్మ పాదం మీద బొత్తాం చెవులు నిక్కబొడుచుకున్నాయి. గదిలో అందరూ విన్నారు. ఒక్క ఆమె తప్ప.

ఎప్పటిలాగే ఆమె పెదాల మీదికి చిరునవ్వు వచ్చింది, తల ఊపబోయింది. ఊపలేదు. పాదం మీది గడ్డాన్ని మెల్లగా పక్కకు జరిపి, లేచి, గది దాటి వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నాకు వినపళ్లేదు," అంది. "ఇటు తిరిగి చెప్పండి."